'రోమన్ హాలిడే'కు ముందు ఆడ్రీ హెప్‌బర్న్: 'లావెండర్ హిల్ మాబ్' చూడవచ్చా?

వెన్నెలతెర (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మకు ఆడ్రీ హెప్‌బర్న్ అంటే ప్రాణం. 'రోమన్ హాలిడే'లో జుట్టు కత్తిరించుకునే సన్నివేశం వచ్చిందంటే చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టేస్తుంది. ఆమె ఇంతవరకూ చూడని హెప్‌బర్న్ సినిమా ఏదైనా చూపిద్దామని వెతుకుతుంటే 1951 నాటి 'ది లావెండర్ హిల్ మాబ్' అనే బ్రిటిష్ హాస్య చిత్రం కనిపించింది. తారాగణంలో హెప్‌బర్న్ పేరు ఉంది.

తెలిసినవారు చెప్పండి. అందులో ఆమె పాత్ర ఎంత? ఆమె మొదటి సినిమా ఇదేనా? డెబ్బై ఏళ్లు దాటిన లండన్ హాస్యం ఇప్పుడు మనకు నవ్వు తెప్పిస్తుందా? అమ్మకు ఇంగ్లీషు బాగానే వచ్చు గానీ బ్రిటిష్ యాస కొంచెం కష్టం.

పాతరీలు

హెప్‌బర్న్ కోసమే అయితే సినిమా మొదలయ్యేటప్పటికి కూర్చుని ఉండండి. టీ పెట్టుకుని వచ్చేలోపు ఆమె వచ్చి వెళ్లిపోతుంది. తొలి సన్నివేశంలోనే, కొన్ని క్షణాలు మాత్రమే. ఆ తర్వాత చివరిదాకా మళ్లీ కనిపించదు. అమ్మగారికి ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. లేకపోతే సినిమా అంతా 'ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది' అని ఎదురుచూస్తూ అసలు కథను ఆనందించలేరు.

ఖజానాతాళం

పాతరీలు గారు చెప్పింది నిజమే. అయినా ఈ సినిమా చూడవద్దని మాత్రం అనుకోవద్దమ్మా. కాస్త వివరంగా రాస్తాను. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడిని, ఉద్యోగంలో ఎక్కువ భాగం కరెన్సీ చెస్టులోనే, అంటే నోట్లు నిల్వ ఉంచే ఖజానాలోనే గడిచింది. అందుకే ఈ సినిమా మీద నాకు ఉన్న ప్రేమ వేరు.

కథానాయకుడి పేరు హెన్రీ హాలండ్. అలెక్ గిన్నెస్ నటించాడు. 'ఎ పాసేజ్ టు ఇండియా'లో ప్రొఫెసర్ గాడ్‌బోలేగా మనవాళ్లు చూసిన నటుడే. హాలండ్ ఉద్యోగం లండన్‌లో ఒక బ్యాంకులో. శుద్ధి కర్మాగారంలో కరిగించి పోసిన బంగారు కడ్డీలను వ్యానులో ఎక్కించి, వాటితోపాటే ప్రయాణించి బ్యాంకుకు అప్పగించడం అతని పని. ఏళ్ల తరబడి అదే పని. వెనకాల ఏ కారు వస్తున్నా అనుమానపడతాడు. అతని చాదస్తం చూసి మిగతావాళ్లు నవ్వుకుంటారు. పై అధికారులకు మాత్రం అతని నిజాయితీ మీద అపారమైన నమ్మకం. ఊహాశక్తి లేని మనిషని కూడా వాళ్ల అభిప్రాయం. ఆ మనిషి మనసులో ఆ బంగారాన్ని ఎలా కాజేయాలన్న ఆలోచన ఏళ్లుగా నలుగుతోంది. దొంగిలించడం అతనికి కష్టం కాదు. దొంగిలించిన బంగారాన్ని దేశం దాటించడమే కుదరడం లేదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మా చెస్టులో ఒక పెద్ద క్యాషియర్ ఉండేవారు. నోట్ల పెట్టెలు వేరే శాఖకు పంపేటప్పుడు ప్రతి పెట్టె మీద లక్క ముద్రను బొటనవేలితో తడిమి, తాళాన్ని ఒకసారి కిందికి లాగి, అప్పుడు గానీ రిజిస్టరులో సంతకం పెట్టేవారు కాదు. తుపాకులు పట్టుకున్న పోలీసులు బయట వ్యాను దగ్గర నిలబడి విసుక్కుంటున్నా ఆయన తొందరపడేవారు కాదు. ఆ గదిలో కోట్లు ఉండేవి, ఆయన చొక్కా జేబులో బస్సు పాసు ఉండేది. ఆయన ముఖం నాకు గిన్నెస్ ముఖంలో కనిపించింది. ఇతరుల సంపదను రోజూ చేత్తో తాకుతూ అందులో తనకేమీ లేని మనిషి ముఖం ఎలా ఉంటుందో గిన్నెస్‌కు తెలుసు. వ్యానులో కడ్డీల పక్కన కూర్చున్నప్పుడు ఆయన కళ్లద్దాల వెనక చూపును గమనించండి. ఆశ ఉంటుంది, కానీ పైకి రాదు.

హాలండ్ లావెండర్ హిల్ అనే పేటలో ఒక బోర్డింగ్ హౌసులో ఉంటాడు. అక్కడికి పెండిల్‌బరీ అనే వ్యక్తి అద్దెకు వస్తాడు. స్టాన్లీ హాలోవే ఆ పాత్ర. అతనికి లోహం పోత పోసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. పర్యాటక స్థలాల్లో అమ్మే బొమ్మలు చేస్తాడు. పారిస్‌లో అమ్మే చిన్న ఈఫిల్ టవర్ బొమ్మలు కూడా అక్కడే తయారవుతాయి. సీసంతో పోసే బొమ్మను బంగారంతో పోసి పైన రంగు వేస్తే? ఆ ఆలోచన హాలండ్‌కు తట్టే సన్నివేశంలో ఇద్దరూ ఏదీ సూటిగా అనరు. ఒకరు కాస్త అంటారు, రెండోవారు కాస్త అందుకుంటారు. ఇద్దరు మర్యాదస్తులు దొంగలుగా మారడాన్ని ఇంత మెత్తగా చూపించిన సినిమా నేను మరొకటి చూడలేదు.

వాళ్లకు అసలు దొంగలు ఇద్దరు కావాలి. ఎలా వెతకాలో తెలియదు. జనం కిక్కిరిసిన చోట నిలబడి, మా ఫ్యాక్టరీలో బీరువా తాళం పాడైంది, జీతాల డబ్బు అందులోనే ఉంది అని గట్టిగా మాట్లాడుకుంటారు. ఆ రాత్రి ఫ్యాక్టరీలో చీకట్లో కాపు కాస్తారు. దొంగలు వస్తారు! సిడ్ జేమ్స్, ఆల్ఫీ బాస్ ఆ ఇద్దరు. ఇది నమ్మశక్యంగా ఉందా అని అడగాలనిపించదు, అంత సహజంగా సాగుతుంది.

రచయిత టి.ఇ.బి. క్లార్క్ యుద్ధకాలంలో లండన్‌లో రిజర్వు పోలీసుగా పనిచేసినవాడు. బంగారం ఎలా దొంగిలించవచ్చో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్లనే వెళ్లి అడిగాడని, వాళ్లు సాయం చేశారని సినిమా చరిత్రల్లో ఉంది. చెస్టులో పనిచేసినవాడిగా నేను దీన్ని నమ్ముతాను. తాళాలు కాపలా కాసేవారు ఆ తాళాలు ఎలా పగులుతాయో ఆలోచించకుండా ఉండలేరు. క్లార్క్‌కు ఈ రచనకు ఆస్కార్ వచ్చింది, గిన్నెస్‌కు ఉత్తమ నటుడి నామినేషన్ వచ్చింది. బ్రిటిష్ అకాడమీ 1951కి ఉత్తమ బ్రిటిష్ చిత్రంగా దీన్నే ఎంచుకుంది.

మరొక సంగతి. ఈ సినిమా తీసిన ఈలింగ్ స్టూడియో వాళ్లు లండన్ వీధుల్లో చాలా భాగం చిత్రీకరించారు. యుద్ధం ముగిసి ఆరేళ్లయినా సెయింట్ పాల్స్ చర్చి చుట్టుపక్కల బాంబులు కూల్చిన భవనాల స్థలాలు అలాగే ఖాళీగా ఉన్నాయి. కథలో ఎవరూ వాటి గురించి మాట్లాడరు. కానీ వెనకాల మొండిగోడలు కనిపిస్తూనే ఉంటాయి. అప్పటికి అక్కడ మాంసానికీ చక్కెరకూ ఇంకా రేషనే. బ్రిటన్‌లో రేషన్ పూర్తిగా పోయింది 1954లో. అటువంటి ఊళ్లో ఒక గుమాస్తా బంగారం గురించి కలలు కంటే, ప్రేక్షకులు ఎవరి పక్షాన ఉంటారో వేరే చెప్పాలా?

హెప్‌బర్న్ దగ్గరికి వస్తాను. సినిమా రియో డి జనీరోలో ఒక ఖరీదైన రెస్టారెంటులో మొదలవుతుంది. హాలండ్ అక్కడ దర్జాగా కూర్చుని, వచ్చినవారందరికీ నోట్లు పంచుతూ, ఎదురుగా ఉన్న పెద్దమనిషికి తన కథ చెబుతుంటాడు. అప్పుడు చికీటా అనే అమ్మాయి బల్ల దగ్గరికి వస్తుంది. అతను ఆమె చేతిలో నోట్ల కట్ట పెడతాడు. ఆమె కృతజ్ఞతలు చెప్పి, వంగి ముద్దు పెట్టి వెళ్లిపోతుంది. అంతే పాత్ర. కానీ ఆ వంగడం చూడండి. మెడ, భుజం, నడుము ఒకే కదలికలో వస్తాయి. అది నాట్యం నేర్చిన శరీరం. ఆమె లండన్‌లో మేరీ రాంబర్ట్ దగ్గర బ్యాలే నేర్చుకుంది. ఆ చికీటాను పది క్షణాలు చూశాక, ఇటువంటి అమ్మాయి వచ్చి పలకరించే జీవితం ఈ ముఖం లేని గుమాస్తాకు ఎలా దొరికింది అని మనకు అనిపించాలి. ఆ పని ఆమె చేసి వెళ్తుంది.

యాస గురించి: హాలండ్ మాటలు మెల్లగానే సాగుతాయి. దొంగలిద్దరి లండన్ యాసకు మాత్రం సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. గంటా ఇరవై నిమిషాల సినిమా.

మూడోబెంచీ

మొదటి సినిమా ఏది అన్న ప్రశ్నకు జవాబు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి నేను చెబుతాను. ఆమె మొదటిసారి కెమెరా ముందుకు వచ్చింది 1948లో, నెదర్లాండ్స్‌లో. 'ఏడు పాఠాల్లో డచ్చి' అని అర్థం వచ్చే పేరున్న సినిమా. అందులో విమాన పరిచారికగా కాసేపు కనిపిస్తుంది. ఆ దేశంలోనే, ఆర్నెమ్ ప్రాంతంలో, 1944-45 చలికాలపు కరువును ఆమె అనుభవించింది. ఆ సినిమాలో నవ్వుతూ కనిపించే అమ్మాయి ఆ కరువు దాటి వచ్చి అప్పటికి మూడేళ్లే.

తర్వాత లండన్ చేరి రంగస్థలం మీద సంగీత ప్రదర్శనల్లో బృంద నర్తకిగా చేసింది. 1951 ఒక్క ఏడాదిలోనే వరుసగా చిన్న చిన్న వేషాలు: 'లాఫ్టర్ ఇన్ ప్యారడైజ్'లో సిగరెట్లు అమ్మే అమ్మాయి, 'వన్ వైల్డ్ ఓట్'లో హోటల్ రిసెప్షనిస్టు, 'యంగ్ వైవ్స్ టేల్'లో అద్దెకున్న అమ్మాయి, 'లావెండర్ హిల్ మాబ్'లో చికీటా. అన్నీ హాస్య చిత్రాలే. వీటిలో 'యంగ్ వైవ్స్ టేల్' పాత్రే కాస్త పెద్దది.

నాకు ఇది తలుచుకుంటే సావిత్రి గుర్తొస్తుంది. అదే 1951లో 'పాతాళభైరవి'లో ఆమె ఒక నృత్యంలో కనిపించి వెళ్లిపోయింది. రెండేళ్లు తిరిగేసరికి 1953లో 'దేవదాసు'లో పార్వతి అయింది. అక్కడ అదే 1953లో 'రోమన్ హాలిడే' వచ్చింది. ఒకరి సంగతి ఒకరికి తెలియని ఇద్దరు అమ్మాయిలు అవే రెండేళ్లలో అదే దూరం నడిచారు. మన సినిమాల్లో ఇది కొత్త కాదు, రామారావు గారు కూడా 1949లో 'మనదేశం'లో పోలీసు ఇన్‌స్పెక్టరుగా చిన్న వేషంతోనే కదా తెర మీదికి వచ్చారు. కానీ ఆ రెండేళ్ల సామ్యం మాత్రం నన్ను వదలదు.

వెన్నెలతెర

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి చూశాం. చికీటా రాగానే అమ్మ గుర్తుపట్టింది, వెనక్కి జరిపి మళ్లీ చూసింది. తర్వాత ఆమెను మరిచిపోయి గిన్నెస్ వెంట పడింది. ఈఫిల్ టవర్ మెట్ల సన్నివేశానికి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. రెండు సందేహాలు మిగిలాయి. ఇంత చిన్న వేషం వేసిన అమ్మాయి వెంటనే 'రోమన్ హాలిడే'లో రాకుమారి ఎలా అయింది? ఎవరైనా ఈ సినిమా చూసి పిలిచారా? రెండోది, ముగింపు మాకు నచ్చలేదు. అతను దొరక్కుండా ఉంటే ఏం పోయేది?

మూడోబెంచీ

మొదటి సందేహానికి: మధ్యలో ఒక ఫ్రెంచి రచయిత్రి ఉన్నారు, కొలెట్. 1951లో హెప్‌బర్న్ మాంటీ కార్లోలో మరో హాస్య చిత్రంలో చిన్న వేషం వేస్తోంది. కీళ్లవాతంతో చక్రాల కుర్చీకే పరిమితమైన కొలెట్ అక్కడి హోటల్లో చిత్రీకరణ చూశారు. ఆమె రాసిన 'జిజి' కథను న్యూయార్క్‌లో నాటకంగా వేయబోతున్నారు, నాయిక దొరకలేదు. ఈ అమ్మాయే నా జిజి అని ఆమె పట్టుబట్టారు. నాటకం 1951 నవంబరులో బ్రాడ్‌వేలో మొదలైంది.

ఆ సెప్టెంబరులోనే లండన్ దగ్గర పైన్‌వుడ్ స్టూడియోలో 'రోమన్ హాలిడే' కోసం ఆమెకు పరీక్షా చిత్రీకరణ జరిగింది. తీసినవాడు దర్శకుడు థోరాల్డ్ డికిన్సన్. సన్నివేశం అయిపోయింది అన్నాక కూడా కెమెరాను ఆపకుండా నడిపించారు. ఆమెకు తెలియకుండానే మామూలుగా నవ్వుతూ మాట్లాడిన ఆ ముక్క దర్శకుడు విలియం వైలర్‌కు నచ్చింది. నాటకం ముగిశాక 1952 వేసవిలో రోమ్‌లో చిత్రీకరణ. 1954 మార్చిలో ఆస్కార్. అంటే చికీటాను చూసి ఎవరో ఒక్కసారిగా పిలవలేదు. నాలుగేళ్లు ఏ వేషం ఇస్తే ఆ వేషం వేసింది. ఎవరు చూస్తారో తెలియకపోయినా ప్రతిచోటా శ్రద్ధగా చేసింది.

పాతరీలు

ముగింపు సంగతి. సినిమా చూడనివారు ఇక్కడ ఆగండి.

వెన్నెలతెర గారూ, అది ఆ కాలపు నియమం. నేరం చేసినవాడు తెర మీద సుఖంగా బతికితే సెన్సారువాళ్లు ఒప్పుకునేవారు కాదు, ముఖ్యంగా అమెరికాలో. ఇదే ఈలింగ్ స్టూడియో 1949లో తీసిన 'కైండ్ హార్ట్స్ అండ్ కరొనెట్స్'కు అమెరికాలో అదనపు ముక్క అతికించి, హంతకుడి రాతప్రతి అధికారుల చేతికి చిక్కినట్లు చూపించారు. అందుచేతే చివర్లో, రియోలో హాలండ్ ఎదురుగా కూర్చుని కథ విన్న పెద్దమనిషి అతన్ని పట్టుకెళ్లడానికి వచ్చినవాడని తేలి, హాలండ్ చేతికి బేడీలు పడ్డాయి. నాకు కూడా ఆ చివరి క్షణం పైనుంచి రుద్దినట్లే అనిపిస్తుంది.

ఖజానాతాళం

పాతరీలు గారూ, నియమం ఉన్న మాట నిజమే. కానీ ఈ ముగింపు రుద్దినది అంటే మాత్రం ఒప్పుకోలేను.

మొదటి సన్నివేశాన్ని మరోసారి చూడండి. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కథ మొత్తం వింటాడు. తొందర లేదు, మధ్యలో అడ్డు రాడు. హాలండ్ కూడా ఒక్కసారైనా భయంగా తలుపు వైపు చూడడు. కనిపించిన ప్రతివారికీ డబ్బు ఇచ్చేస్తున్నాడు. తన కోసం దాచుకునేవాడు అలా పంచుతాడా? చికీటా చేతిలో పెట్టే కట్ట కూడా అందులో భాగమే. అతను ఆ బల్ల దగ్గర వీడ్కోలు చెబుతున్నాడు. బేడీలు చివర్లో కనిపిస్తాయి గానీ, మొదటి నుంచీ అవి బల్ల కిందే ఉన్నాయి. క్లార్క్ అక్కడినుంచి వెనక్కి కథ అల్లుకుంటూ వెళ్లాడనే నా నమ్మకం. రెండోసారి చూస్తే హెప్‌బర్న్ సన్నివేశం ఇంకో రకంగా కనిపిస్తుంది. ఆమెకు విషయం తెలియదు, అతనికి తెలుసు, మనకూ తెలుసు.

ఇంకో మాట. చివరికి అతని దగ్గర మిగిలింది ఆరు బంగారు ఈఫిల్ టవర్ బొమ్మలు మాత్రమే. పాతిక వేల పౌండ్లు, ఒక్క ఏడాది. ఆ ఏడాది అతను ఏ బీరువాలోనూ ఏమీ దాచలేదు, ఏ లెక్కా రాయలేదు. కడ్డీలను ఏళ్లపాటు లెక్కపెట్టిన మనిషికి లెక్క లేని సంవత్సరం ఒకటి దొరికింది. దొరక్కుండా ముసలివాడై రియోలో జాగ్రత్తగా పొదుపు చేసుకుంటూ బతికి ఉంటే అతను మళ్లీ గుమాస్తానే అయ్యేవాడు కదా. అందుకే లేచి నిలబడేటప్పుడు గిన్నెస్ ముఖంలో బాధ ఉండదు.

మెట్ల సన్నివేశం మీకు నచ్చినందుకు సంతోషం. అక్కడ కూడా ఇదే ఉంది. పొరపాటున అమ్ముడైన ఆ ఆరు బంగారు బొమ్మలను ఇంగ్లీషు బడిపిల్లలు కొనుక్కుని లిఫ్టులో దిగిపోతుంటే, ఈ ఇద్దరూ ఈఫిల్ టవర్ గుండ్రటి మెట్ల మీదుగా పరుగెత్తుతారు. దిగేకొద్దీ తలలు తిరిగి, టోపీలు ఎగిరిపోయి, కిందికి వచ్చేసరికి బొమ్మల సంగతి కాసేపు మరిచి చిన్నపిల్లల్లా నవ్వుతుంటారు. పోయేది బంగారం, దొరికింది నవ్వు. ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోంబ్ కెమెరాను కూడా వాళ్లతోపాటే తిప్పాడు. దర్శకుడు చార్లెస్ క్రైటన్ ఎడిటింగు నుంచి వచ్చినవాడు, ఎక్కడ కోయాలో బాగా తెలుసు.

అమ్మగారికి ఇంకొక సంగతి చెప్పండి, సంతోషిస్తారు. ఈ సినిమాకు సంగీతం చేసిన జార్జ్ ఓరిక్ అనే ఫ్రెంచి స్వరకర్తే 'రోమన్ హాలిడే'కూ సంగీతం చేశాడు.

వెన్నెలతెర

ఖజానాతాళం గారూ, మీరు చెప్పాక మొదటి సన్నివేశం ఇప్పుడే మళ్లీ చూశాను. ఆ పెద్దమనిషి మొదటి నుంచీ ఎంత నింపాదిగా కూర్చున్నాడో ఇప్పుడు తెలుస్తోంది. ముగింపు మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. తర్వాత ఏది చూపించమంటారు?

మూడోబెంచీ

హెప్‌బర్న్ కోసం అయితే 1952 నాటి 'సీక్రెట్ పీపుల్'. హాస్యం కాదు, కుట్రల కథ. దర్శకుడు ఆ డికిన్సనే. అందులో ఆమె నర్తకి పాత్రలో నిజంగా బ్యాలే చేస్తుంది.

ఖజానాతాళం

గిన్నెస్ కోసం అయితే పైన పాతరీలు గారు చెప్పిన 'కైండ్ హార్ట్స్ అండ్ కరొనెట్స్'. ఒకే కుటుంబంలో ఎనిమిది మందిగా ఆయనే కనిపిస్తాడు. అదనపు ముక్క లేని బ్రిటిష్ ప్రతినే వెతికి చూడండి.